తపాలాకు పోని బిళ్ళలు

తపాలా బిళ్ళల సేకరణలో ఉత్తరాల రుసుముతో సంబంధం లేని బిళ్ళ ఎదురైనప్పుడు, దాని బొమ్మను పోల్చి చూడడం కంటే ముందు అది ఏ చెల్లింపు కోసం పుట్టిందో విచారించడం మేలు. రసీదులకు, ప్రామిసరీ నోట్లకు అంటించేది రెవెన్యూ బిళ్ళ. దావా పత్రాలపై రుసుము చెల్లినట్టు చూపేది కోర్టు ఫీజు బిళ్ళ. క్షయ నివారణ విరాళానికి అమ్మే టీబీ సీలు ఏ రుసుముకూ చెల్లదు కనుక అటువంటివాటిని సేకర్తలు సిండ్రెల్లాలు అంటారు.

తెలంగాణలోని బాన్సువాడ ప్రాంతం 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉన్నందున, ఇక్కడి బిళ్ళలున్న పాత దస్తావేజులను చదవడానికి ఉర్దూ అక్షరాలతో పాటు, ఏడు రూపాయలకు బ్రిటిష్ నాణెంలో సుమారు ఆరు రూపాయలు వచ్చే హాలీ సిక్కా లెక్క, 590 కలిపితే క్రీస్తు శకానికి చేరువయ్యే ఫస్లీ సంవత్సరం కూడా తెలిసి ఉండాలి. 1350 ఫస్లీ అంటే 1940-41 అన్నమాట. ఉర్దూలో ‘సర్కారీ’ అని అదనంగా ముద్రించిన నిజాం బిళ్ళను పన్ను బిళ్ళగా పొరబడే అవకాశం ఉంది గాని, అది ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు వాడిన అసలైన తపాలా బిళ్ళే.

రద్దు చేసిన తీరు గట్టి సాక్ష్యం. తపాలా ముద్ర సాధారణంగా గుండ్రంగా పడితే, రెవెన్యూ బిళ్ళపై సంతకమో తేదీయో సిరాతో అడ్డంగా సాగుతుంది. బ్రిటిష్ ఇండియాలో 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం, విలువ అంకె చెడకుండా బిళ్ళలోని తల బొమ్మను తొలిచివేయాలని నిర్దేశించింది కనుక, అటువంటి రంధ్రాన్ని లోపంగా ఎంచి బిళ్ళను పారవేయడం దాని చరిత్రను పారవేయడమే. 1906లో ఎడ్వర్డ్ రాజు బొమ్మతో వచ్చిన అర్ధణా, అణా బిళ్ళలపై ‘పోస్టేజ్ అండ్ రెవెన్యూ’ అని ఉండడంతో ఒకే బిళ్ళ రెండు పనులకూ చెల్లింది. అక్కడ ముద్రించిన అక్షరాలు తీర్పు చెప్పలేవు, సిరా గీతే చెప్పాలి. ఆ సిరాను కడిగి కొత్త బిళ్ళగా అమ్మే మోసం కూడా ఉన్నందున, భూతద్దంతో కాగితపు పోగులను పరీక్షించక తప్పదు.

ఇన్ని ఆధారాలున్నా, దస్తావేజు నుంచి నీళ్ళలో నానబెట్టి ఊడదీసిన బిళ్ళ తన ఊరిని, తేదీని, లావాదేవీని కోల్పోయి సగం మూగదవుతుంది. తపాలా బిళ్ళలకు అలవాటైన ఈ పద్ధతిని రెవెన్యూ బిళ్ళలకు వర్తింపజేయకూడదు. కాగితాన్ని యథాతథంగా ఉంచి, గ్రామం పేరును, ఫస్లీని, పత్రం స్వభావాన్ని విడిగా రాసుకోవాలి.