వాలెస్ ‘మలయ ద్వీపసమూహము’: ఒక గ్రంథవిమర్శ

ప్రకృతిశాస్త్రమును కథవలె చదివించు గ్రంథములు అరుదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1869లో ప్రకటించిన ‘మలయ ద్వీపసమూహము’ అట్టివానిలో ఒకటి. నేడు ఇండొనేషియా, మలేషియా, సింగపూరు, తూర్పు టిమోరు అని పిలువబడు దేశములును, న్యూగినీ పశ్చిమభాగమును ఇందు వర్ణింపబడినవి. 1854 మొదలు 1862 వరకు ఎనిమిదేండ్లు వాలెస్ ఈ దీవులలో సంచరించి, సుమారు 14,000 మైళ్ళు ప్రయాణము చేసి, 1,25,660 నమూనాలను సేకరించెను. వీనిలో 8,050 పక్షులు, 83,200 పెంకుపురుగులు. ప్రకృతివరణమును గూర్చి 1858లో ఆయన డార్విన్‌కు పంపిన సుప్రసిద్ధ వ్యాసము ఈ యాత్రలోనే వ్రాయబడినది. గ్రంథమును గూడ డార్విన్‌కే అంకితమిచ్చెను.

సాధారణముగా యాత్రాగ్రంథములు తేదీల వరుసను నడచును. వాలెస్ అట్లు చేయలేదు. దీవులను ఐదు సముదాయములుగా విభజించి, ఒక్కొక్క సముదాయమునకు సంబంధించిన ప్రయాణములను ఒకచోట చేర్చి, చివర అచటి జంతుజాలమును సమీక్షించెను. భూగోళమును బోధించువారికి ఈ పద్ధతి ఎంతయు ఉపకరించును. ఏ సంఘటన ముందు జరిగినదో, ఏది తరువాత జరిగినదో తెలియక పాఠకుడు తికమకపడుట మాత్రము ఇందలి లోపము. ఈ లోపము చిన్నదిగా కనబడినను, దాని ఫలితము చిన్నది కాదని ముందు తేలగలదు.

గ్రంథమునకు ప్రాణమువంటిది బాలి, లొంబోక్ దీవుల ప్రకరణము. రెండును పక్కపక్కనే ఉన్న దీవులు. శీతోష్ణస్థితి ఒక్కటే, నేలయు ఇంచుమించు ఒక్కటే. అయినను బాలిలో ఆసియా జాతికి చెందిన కంసాలిపిట్టలు కనబడగా, ఇరుకైన జలసంధిని దాటి లొంబోక్ చేరగానే అవి మాయమై, ఆస్ట్రేలియా జాతులైన తెల్లని కాకతువాలును, దిబ్బలలో గుడ్లను పాతిపెట్టు పక్షులును వాలెస్‌కు ఎదురైనవి. ఇంత దగ్గరలో ఇంత భేదమేల? ఇది పూర్వము వేరైయుండిన రెండు భూభాగముల సరిహద్దు కావలెనని ఆయన ఊహించెను. ఈ సరిహద్దుకు 1868లో హక్స్లీ ‘వాలెస్ రేఖ’ అని పేరు పెట్టెను. నేటి విజ్ఞానము ఈ ఊహను బలపరచుచున్నది. మంచుయుగములలో సముద్రమట్టము సుమారు 120 మీటర్లు తగ్గినపుడు సుమత్రా, జావా, బోర్నియో, బాలి దీవులు ఆసియాఖండముతో కలిసిపోయినవి. బాలి, లొంబోక్‌ల నడిమి జలసంధి అంతకంటె లోతైనది గనుక ఎన్నడును ఎండలేదు. ఈనాడు ఏ ప్రాణి ఎచట నివసించుచున్నదో గమనించి, నేల పూర్వచరిత్రను చదువుట వాలెస్ నేర్పిన గొప్ప పాఠము.

మరి ఇదే పాఠమును ఆయన మనుష్యుల విషయమున పాటించెనా? ఈ ప్రశ్నకు బాండా దీవుల ప్రకరణము సమాధానమిచ్చును. ప్రకృతివర్ణనలో ఈ ప్రకరణమునకు వంక పెట్టనక్కరలేదు. సముద్రమునుండి నిటారుగా లేచిన అగ్నిపర్వతము, పెద్ద కెనారి చెట్ల నీడలో పెరుగు జాజితోటలు, పండు పగిలినపుడు కాయను చుట్టియుండు ఎఱ్ఱని జాపత్రి, ఇవన్నియు కన్నులకు కట్టినట్లున్నవి. అచటి పెద్ద పావురము జాజికాయను మ్రింగి, జాపత్రిని జీర్ణించుకొని, గింజను చెడకుండ వెలికి గ్రక్కునని ఆయన వ్రాసెను. చెట్టు విత్తనము దూరతీరములకు వ్యాపించు విధము ఒక్క వాక్యములో తెలిసిపోవును.

కాని బాండా ప్రజలను గూర్చి వ్రాయునపుడు ఈ సూక్ష్మదృష్టి సడలినది. పోర్చుగీసువారు దీవులను ఆక్రమించినపుడు ఆదిమవాసులలో కొందరు కేయి దీవులకు వలసపోయిరని ఆయన చెప్పెను. ఇది పొరపాటు. పోర్చుగీసువారు 1512లో బాండా చేరిరే కాని, అచట అధికారము నెలకొల్పలేకపోయిరి. 1621లో డచ్చి కంపెనీ గవర్నరు జనరలు యాన్ పీటర్‌జూన్ కూన్ సైన్యముతో వచ్చి దీవులను జయించెను. సుమారు 15,000 మంది జనములో, ఆ దీవులలో మిగిలినవారు వేయిమంది మాత్రమేయని చరిత్రకారుల అంచనా. తక్కినవారు చంపబడిరి, ఆకలిచే మరణించిరి, బానిసలుగా కొనిపోబడిరి, లేదా పారిపోయిరి. పిమ్మట నేలను తోటలుగా పంచి, ఇతరదేశములనుండి తెచ్చిన బానిసలచే సేద్యము చేయించిరి.

విచిత్రమేమన, దీనికి సాక్ష్యమును వాలెస్ స్వయముగా చూచియుండెను. 1857 జనవరిలో, అనగా బాండాను చూచుటకు ముందే, ఆయన కేయి దీవులకు పోయెను. అచటి మహమ్మదీయులు తొలి యూరోపియనులచే బాండానుండి తరుమబడినవారని విని, ఆ మాటను గ్రంథములో వ్రాసెను కూడ. కాని దీవుల వరుసలో బాండా ముందును, కేయి చాల వెనుకను వచ్చుటచే, సాక్ష్యములోని రెండు సగములు దూరమైపోయినవి. నేటికిని పూర్వపు బాండా భాష బాండాలో వినబడదు. కేయిలోని బాండా ఏలి మొదలగు గ్రామములలో వినబడును. ఒక పక్షి తన దీవిలో లేక పరదీవిలోనే కనబడినచో వాలెస్ కారణము వెదకకుండ విడిచియుండునా?

అంతేకాదు. గుత్తవ్యాపారము కొరకు డచ్చివారు ఇతర దీవులలోని జాజి, లవంగపు చెట్లను నరికించిన పనిని ఆయన సమర్థించెను. అవి నిత్యావసరములు కావనియు, అందువలన ఎవరికిని శాశ్వతనష్టము కలుగలేదనియు ఆయన వాదము. వాణిజ్యమే జీవనాధారమైన దీవులవారికి ఈ వాదము చెల్లదు. ఆ వాణిజ్యము ఎంత దూరము వ్యాపించినదో ఆంధ్రతీరమే చెప్పగలదు. 17వ శతాబ్దిలో డచ్చి కంపెనీ మచిలీపట్టణము మున్నగు రేవులలో కొన్న నూలుబట్టలను ఆ దీవులకు కొనిపోయి, సుగంధద్రవ్యములకు మారుగా ఇచ్చుచుండెను.

జావా విషయమునను ఇట్లే జరిగినది. 1830లో ప్రారంభమైన నిర్బంధసేద్య పద్ధతిని ఆయన ప్రశంసించెను. రైతుల కష్టములను వెల్లడించిన డచ్చి నవల ‘మాక్స్ హావెలార్’ (1860) విసుగు పుట్టించు సుదీర్ఘరచనయని తేల్చివేసెను. ఆ నవలాకర్త జావాలోని లెబాక్‌లో ఉద్యోగము చేసి, 1856లో రాజీనామా ఇచ్చినవాడు. వాలెస్ జావాలో ఉన్నది కొన్ని మాసములు మాత్రమే.

అయినను ఆయన పరిపాలకులకు భజన చేసిన రచయిత కాడు. చివరి పుటలలో తన దేశమునందలి సంపదను, దాని పక్కనే ఉన్న దారిద్ర్యమును ఎత్తిచూపి, అట్టి సంఘము ఇంకను అనాగరికస్థితిలోనే ఉన్నదని నిర్భయముగా పలికెను. నాగరికుడు అడుగిడిన అడవులలో అందమైన పక్షులు నశించునని ముందే హెచ్చరించి, ప్రాణులన్నియు మానవుని కొరకే పుట్టలేదని వ్రాసెను. బచాన్ దీవిలో ఒక నూతన స్వర్గపక్షిని కొట్టి తెచ్చినవాడు తన సహాయకుడైన ఆలీయని పేరుతో చెప్పెను.

కావున ఈ గ్రంథమును ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు తప్పక చదువవలెను. విద్యార్థులచే భాగములుగా చదివింపవలెను. బాండా, కేయి ప్రకరణములను మాత్రము ఒకదాని వెంట ఒకటి చదివించుట మంచిది. పటముపై బాలి, లొంబోక్‌ల నడుమ వాలెస్ రేఖను గీయించి, బాండానుండి కేయికి మరియొక గీతను గూడ గీయించవలెను. మొదటి గీతకు కారణము లోతైన సముద్రము. రెండవదానికి కారణము జాజికాయ ధర. ‘ఇది ఇచటనే ఏల ఉన్నది?’ అను వాలెస్ ప్రశ్నను రెండింటికిని వేయగల విద్యార్థి, ఆ గ్రంథమునుండి నేర్వదగినదానిని నేర్చినట్లే.