తప్పిన పంచాంగపుటాకు: జారెల్ కవి 'లాసెస్' ఖండికపై విమర్శ

రాండల్ జారెల్ (1914–1965) అను అమెరికాదేశపు కవి రచించిన 'లాసెస్' అను ఖండికయందుఁ బంచాంగమును గూర్చిన మాట యొకటి గలదు. 'లాసెస్' అనఁగా నష్టములు. సైనికపరిభాషలో మడిసినవారి లెక్కకును నదియే పేరు. బాంబు విమానములను నడపుట నేర్చుకొనుచు, శత్రువును గన్నులఁ జూడకయే మరణించిన పిన్నవాండ్రు ఇందు వక్తలు. తమలోఁ గొందఱు పంచాంగమున వేఱొక పుట విప్పుటచే దారి తప్పి, యేఁబది మైళ్లకవ్వలి కొండలపైఁ గూలిరని వారు చెప్పుదురు. ఈ మాట యలంకారమా, యథార్థమా యని నిర్ణయించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. విషయ మల్పముగాఁ దోఁపవచ్చును. కాని ఖండిక యంతయు నీ కీలుమీఁదనే తిరుగుచున్నది.

ముందుగాఁ గవి వృత్తి తెలియవలెను. ఆయన 1942లో సైన్యమునఁ జేరి, విమానచోదకుఁడు కాఁగోరి, యా శిక్షణలో నిలువలేక, అరిజోనా రాష్ట్రమున టూసాన్ నగరమున కంటియున్న డేవిస్–మోంథన్ విమానస్థావరమున బోధకుఁడయ్యెను. ఆయన పని గోపురమువంటి యొక కట్టడములో. దాని పైకప్పునఁ గృత్రిమనక్షత్రములు, క్రింద విమానపుగదిని బోలిన గది. బాంబు విమానసిబ్బంది యందుఁ గూర్చుండి, నక్షత్రముల యున్నతాంశములఁ గొలిచి, తామున్న తావును గణించుట నేర్చుకొందురు. ఆ నక్షత్రములను నడపువాఁడు మన కవి. ఆ సీమయు మెట్టసీమయే. మా అనంతపుర ప్రాంతమున నేఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అచ్చట నందు సగముమాత్రమే. మబ్బు లేని యాకాశము సేద్యగానికి శాపము, వైమానికశిక్షకునకు వరము.

అట్టి యాకాశము క్రిందను మరణములు తక్కువ కాలేదు. ఆ యుద్ధకాలమున అమెరికాదేశపు టెల్లలలోపలనే విమానప్రమాదములలో మడిసిన వైమానికులు సుమారు 15,000 మంది. ఆంగ్లేయుల బాంబర్ కమాండు కోల్పోయిన 55,573 మందిలో 8,195 మంది గగనమునఁ గాని నేలపైఁ గాని జరిగిన ప్రమాదములలోఁ బోయినవారు.

ఇఁక మాటకు వత్తము. పంచాంగమనఁగానే తెనుఁగువానికి వర్జ్యము, దుర్ముహూర్తము, వారశూల స్ఫురించును. 'చెడుదినమునఁ జచ్చితిమి' అని యనువదించినచో సభలోఁ దలయూఁపనివాఁ డుండఁడు. నేనును మొదట నట్లే చదివితిని. రెండవమాఱు చదువునపుడు 'పుట' యను మాట యడ్డుపడెను. దుర్దినమునకుఁ బుటతో నేమి పని? ఆ దినము చెడ్డదని కవి యనలేదు; విప్పిన పుట వేఱని యన్నాఁడు.

వైమానికుల పంచాంగము ఫలము చెప్పునది కాదు. అందు దినమునకొక యాకు. ఆకుపై గ్రీనిచ్ కాలము ననుసరించి పదేసి నిమిషములకు రవిచంద్రగ్రహముల స్థానములును, నక్షత్రములకు మూలమైన మేషాదిబిందువు స్థానమును ముద్రింపఁబడియుండును. రాత్రివేళ నక్షత్రమును గొలిచినవాఁడు ఆ దినపుటాకును జూచి గణింపవలెను. ఆకు లంటుకొనియున్నను, నిద్రమత్తున వ్రేలు జాఱినను, నిన్నటియాకో రేపటియాకో కన్నులఁ బడును. అపుడు కలుగు దోషమెంత?

మన జ్యోతిషికుల కిది బాలపాఠము. రవి మధ్యమగతి దినమునకు 59 కలల 8 వికలలు. నక్షత్రచక్ర మొకదినములో రవిని మించి తిరుగునదియు నంతియే; కనుకనే నేఁడుదయించిన తార రేపు సుమారు నాలుగు నిమిషములు ముందుగా నుదయించును. ఒక యాకు తప్పినవాఁడు తనరేఖాంశమున 59 కలలు తప్పును. భూమధ్యరేఖపైఁ గలకొక సముద్రపుమైలు; ఉత్తరమునకుఁ బోవుకొలఁది లంబజ్యానుపాతమున నది తగ్గును. టూసాన్ అక్షాంశము సుమారు 32 భాగలు. గుణించి చూడుఁడు: యేఁబది మైళ్లు వచ్చును. మా అనంతపురమునం దాతప్పే చేసినచో నేఁబదియేడు మైళ్లగును.

కవి యీ గణితము చేసియే సంఖ్యను నిలిపెనని నేననను. నేలమైళ్లలోనికి మార్చినచో నది యేఁబదియెనిమిదికిఁ జేరువ యగునన్న యాక్షేపమును గలదు. కాని నావిగేటర్లు వాడునది సముద్రపుమైలే. ఆ గోపురములో దినదినము శిష్యుల తప్పులను దిద్దినవానికి, ఒక యాకు తప్పిన నెంతదూరము పోవుదురో నోటికి వచ్చియుండుట సహజము. ఎట్లైనను గణితము మాటకుఁ దోడు పలుకుచున్నది. శకునార్థమున కట్టి సాక్ష్య మొక్కటియు లేదు. కావున నిది యథార్థోక్తి.

దీనివలన రసవిషయమునఁ గలుగు భేదము గొప్పది. శత్రువు లేని చావునకు వీర మెట్లు పొసఁగును? జయింపఁదగినవాఁడు వీరమునకాలంబనమని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ జెప్పెను. ఇందు జయింపఁదగినవాఁడు లేఁడు. విధి యని చదివినచో ఖండిక సులభముగాఁ గరుణమున దిగి, విధి నిందయై ముగియును. తప్పు విప్పిన యాకు అని చదివినచో శోకమునకుఁ జోటుకంటెను బ్రశ్నకుఁ జోటెక్కువ: ఆ కుఱ్ఱవానికి నిదుర యెన్ని గంటలు? ఆకు సరియని చూచిన రెండవకన్ను గలదా? కవి యీ ప్రశ్న లడుగఁడు. మృతులచేతనే లెక్కాధికారిస్వరమున మాటలాడించును. ప్రమాదములు జరుగఁగా స్థావరమువారు ఇండ్లకు లేఖలు వ్రాసిరఁట, ప్రమాదపు లెక్కలు పెరిగెనఁట, అంతియే. శోకమును దాఁచుటయే యిచ్చటి కరుణమునకు బలము.

పినతల్లులు, పెంపుడు జంతువులు, పరదేశీయులు చచ్చినట్లు తామును జచ్చితిమని వక్త లనుట కొందఱకు రసాభాసముగాఁ దోఁపవచ్చును. బడి విడిచివచ్చిన పిల్లవానికి అంతకుముందు తెలిసిన చావు లవియే కదా! ఉపమానముల దారిద్ర్యమే వయస్సును దెలుపుచున్నది. ఇంతకంటె నేర్పుగా నీడు చెప్పిన కవిని నేనెఱుఁగను. ఉత్తరభాగమున వారే బడిలోఁ బేర్లు వల్లించిన నగరములను గాల్చుట, ఆ నగరములు తుదకు మాటలాడుట ప్రసిద్ధమైన ఘట్టములు. నా మతమున నవి పూర్వభాగమునకు రెండవస్థానమే.

ఈ విచారము మనకు దూరదేశపు మాట కాదు. అనంతపురమునుండి బెంగుళూరికిఁ బోవు త్రోవలో నున్న ఎలహంకయందు 1944లో మాస్కిటో విమానములకు సిబ్బందిని సిద్ధపఱచు 1672వ దళ ముండెను. తెనుఁగు విరివిగా మాటలాడు కోలారు సీమయందు లిబరేటరు బాంబు విమానముల శిక్షణదళము 1673వది యుండి, 1944 నవంబరులో 358వ స్క్వాడ్రనుగా మాఱెను. మాస్కిటో కొయ్యవిమానము, పలకలను జిగురుతో నతికి కట్టినది. 1944 చివర నీ తూర్పురంగమునఁ గొన్ని మాస్కిటోలు కూలిపోయెను. తొలుదొల్త నెండకును వానకును జిగురు విడినదనిరి. నిర్మాతలపక్షమున హెర్వర్డ్ డి హావిలాండ్ నాయకత్వమున వచ్చిన బృందము జిగురు నిర్దోషియనియు, వానకాలపుఁ దేమకుఁ గట్టడము ముడుఁచుకొనినదనియు డిసెంబరులో నివేదించెను. తరువాతి విచారణలలో నిజము బయలుపడినది. ఎన్నఁడును ఋతుపవనములు సోఁకని విమానములయందును నవే లోపములు కానవచ్చెను; దోషము హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ కర్మశాలల యతుకుపనిది. మన వాన పై మోపఁబడిన నింద తుదకుఁ జేతిపనిపైకిఁ బోయెను. పంచాంగపు మాటను దుర్దినమనుటయు నీ మొదటి నివేదికవంటి చదువే.

కోలారునందును, నొళంబుల రాజధానియై నేఁడు శ్రీసత్యసాయి మండలమునఁ జేరిన హేమావతి చుట్టుపట్లను వీరగల్లులు గలవు. చావును శిలపై నెట్లు వ్రాయవలెనో యా శిల్పులకుఁ దెలియును. క్రిందిపలకపైఁ జచ్చిన తీరు, నడిమిపలకపై నప్సరసలు కొనిపోవుట, పైపలకపైఁ గైలాసము. ఊర్ధ్వలోకము నిచ్చిరి కాని క్రింది పలకను వదలలేదు. బేగూరిశిలపై వీరమహేంద్రుని సేనతోఁ బోరి పడిన నాగత్తరుని కథ యున్నది. ఆతకూరుశిల, సుమారు 950 నాఁటిది, కాళి యను వేఁటకుక్క పందితోఁ బోరి చచ్చుటను జెప్పును. ఇవి రెండును బెంగుళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలోనివి. కుక్కచావును శిల కెక్కించిన సీమలో జారెల్ ఉపమానమునకు నవ్వువా రుండరాదు.

మద్రాసు నందంబాక్కమున 1952లో నేర్పడిన యుద్ధశ్మశానమున, దక్షిణదేశపు వేర్వేఱు తావులనుండి తెచ్చిన 850కిఁ బైగా సమాధులు గలవు. ఆ రాళ్లపైఁ బేరు, హోదా, దళము, తేది, వయస్సు, కొన్నింటిపై బంధువులు కోరిన వాక్యము. చచ్చిన తీరు మాత్రము లేదు. పోరునఁ బడినవాఁడును, అభ్యాసమునఁ గూలినవాఁడును నొక్కటే. ఈ సమత్వము గౌరవార్థమే, సందేహము లేదు. అయినను గ్రింది పలక లోపించినది. జారెల్ ఖండిక యా పలకను మాత్రమే చెక్కి, పై రెండింటిని విడిచినది.

కనుక దీనిని దెనిఁగించువారు పంచాంగమని వాడుట తప్పదు గాని, ప్రక్కన 'ఆకు' అనుమాటను, ఏఁబది యను సంఖ్యను వదలరాదు. ఛందస్సుకై యా సంఖ్యను నూఱనియో, పదియనియో మార్చినచో గణితము చెడును.