పరిమాణాధిక్య విశేషణములు

మిక్కిలి పెద్ద వస్తువును వర్ణించు ఆంగ్ల విశేషణములు ఏకార్థకములు కావు. ‘ఎనార్మస్’ అనగా లాటినున కట్టుబాటును మీరినది. ‘ఇమ్మెన్స్’ అనగా కొలువబడనిది. ‘కలోసల్’ రోడ్సు ద్వీపపు మహావిగ్రహమును తలపించును. మన యనువాదకు లన్నింటికిని ‘బృహత్తర’ శబ్దమునే వాడుచున్నారు. ‘తర’ ప్రత్యయము రెంటిలో నొకదాని యాధిక్యమును తెలుపునది. దేనికంటె పెద్దదో చెప్పనిచో నది వ్యర్థము. ‘ఇమ్మెన్స్’కు ‘అమేయము’ చక్కగా సరిపోవును. దాని నేల విడిచిరో తెలియదు!

తెలుగున ‘పెను’ కలదు: పెనుగాలి, పెనుబాము. కాని మన నుడికారపు బలము ‘అంత’లో నున్నదని మా యభిప్రాయము. కోనసీమలో కనుమనాడు ఏకాదశరుద్రుల ప్రభలు జగ్గన్నతోటకు చేరును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను జనులు భుజములపై మోయుచు కౌశికను దాటింతురు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై నీ తీర్థమే ప్రదర్శింపబడినది. ‘బృహత్తరమైన ప్రభ’ యన్నచో కంటి కేమియు నానదు. ‘కొబ్బరిచెట్టంత ప్రభ’ యన్నచో అమలాపురపు పాఠకుడు తల పైకెత్తును. కొబ్బరిచెట్టు నెరుగని దూరదేశీయునకు మాత్రము ‘అంత’ చాలదు; వానికి అడుగుల లెక్కయే చెప్పవలెను.