‘టాప్ గన్’ : వీరరసవిచారము

1986 వ సంవత్సరమున టోనీ స్కాట్ దర్శకత్వమున వెలువడిన ‘టాప్ గన్’ అను అమెరికా చలనచిత్రము వీరరసప్రధానమని లోకమున ప్రసిద్ధి కెక్కినది. అమెరికా నౌకాదళమువారు 1969 లో కాలిఫోర్నియాయందలి మిరమార్‌లో నెలకొల్పిన వాయుయుద్ధ శిక్షణాలయము దీనికి రంగము. శిక్షణమునకై వచ్చిన మావెరిక్ అను వైమానికుఁడు నాయకుఁడు. యుద్ధవిమానముల విన్యాసములను, వాని ఘోషమును మాత్రమే గని యీ నిర్ణయము చేసినవారు లక్షణమును మఱచినారు. అవి ఉద్దీపనములు కాఁగలవు గాని స్థాయి కానేరవు.

వీరమునకు స్థాయి ఉత్సాహము. అది ఉత్తమప్రకృతులయందు వెలయునని భరతుని మతము. ప్రథమార్ధమున మావెరిక్కునందు కానవచ్చునది ఉత్సాహము గాదు, గర్వమును, చాపలమును. 10,000 అడుగులకు దిగువను పోరాడరాదను నియమమును మీఱి యతఁడు గురువును గెలుచును. వేఱొక దినమున, పేరు గొనవలెనను నాసచే తాను కాపాడవలసిన తోడి వైమానికుని విడిచి పోవును. ప్రేక్షకుఁడు మొదటిదానిని మెచ్చును. కథ మాత్రము మెచ్చదు. అతని నడత ప్రమాదకరమని మొగముమీఁదనే చెప్పువాఁడు సహవిద్యార్థియగు ఐస్‌మన్. చూపునకు ప్రతినాయకునివలె నున్న యితఁడు లుబ్ధుఁడు గాఁడు, పాపియుఁ గాఁడు. అతఁడు పలికినది సత్యము. ఈ కల్పనము మెచ్చఁదగినది.

వీరు నడపు ఎఫ్-14 విమానమున ఇరువురు కూర్చుందురు. ముందున్నవాఁడు నడపును, వెనుకనున్నవాఁడు రాడారు యంత్రమును కనిపెట్టి శత్రువుల జాడ తెలుపును. మావెరిక్ వెనుక నుండువాఁడు గూస్ అను మిత్రుఁడు. పగ్గములు చేత లేకున్నను హితము చెప్పుటలో నితఁడు సారథియే. శల్యుఁడు కర్ణుని ధైర్యమును చెఱచిన సారథి. గూస్ నాయకుని చాపలమును వారించియు, అతనిని విడువని సారథి. ఒకనాఁడు ముందు పోవు విమానపు వాయుప్రవాహమునఁ జిక్కి వీరి యింజనులు రెండును ఆఱిపోవును. విమానము గిరగిర తిరుగుచు పడిపోవుచుండఁగా, వెలికి ఎగయు గూస్ తల పైకప్పునకుఁ దగిలి యతఁడు మరణించును. విచారణసభ మావెరిక్ నిర్దోషి యని తీర్చును. ఆ తీర్పు అతని మనస్సును తేర్పఁజాలదు. గర్వము నశించినది, ఉత్సాహ మింకను పుట్టలేదు. తుదియుద్ధమున నొక్క క్షణము వెనుదీసి, పిమ్మట ఐస్‌మన్‌ను విడువక నిలిచినప్పుడే యది పుట్టినది. నాఁడు చేసిన తప్పు నేఁడు దిద్దుకొనఁబడినది. కరుణము వీరమునకు విరోధి గాదు గావున ఇచ్చట రసభంగము లేదు.

దోషములు రెండు గలవు. శృంగారమునకు వీరకరుణములు విరోధులని విశ్వనాథుఁడు చెప్పియుండఁగా, శిక్షకురాలగు చార్లీతోడి ప్రణయకథ వాని నడుమ నిమడక యున్నది. రెండవది మఱింత పెద్దది. శత్రువునకు దేశము లేదు, పేరు లేదు, ముఖమైనను లేదు; అతని ‘మిగ్-28’ లోకమున లేని విమానము. ఆలంబనము శూన్యమగుటచే తుదివిజయము గూస్ మరణమంతగా హృదయమునకుఁ దగులదు. ఓడను, విమానములను సమకూర్చి నౌకాదళమే తోడ్పడిన చిత్రమిది. రాజాశ్రయమునఁ బుట్టిన కావ్యము ప్రభువు యుద్ధమేల చేసెనని యడుగదు.

1985 లో ఇట్టి భ్రమణమునే చిత్రించుచు సముద్రమునఁ గూలి మరణించిన ఆర్ట్ షోల్ అను వైమానికునకు ఈ చిత్రము అంకితము. 2022 లో వెలువడిన ఉత్తరకథయు గూస్ కుమారుని దుఃఖము నాశ్రయించియే నడచినది. కావున ఈ కథకు బలము విమానములయందు లేదు. సారథి మరణమునందుఁ గలదు.