బంకమట్టికి రెండు రోజుల విరామం

విషం ఇంకిన మట్టిని తవ్వి లారీకెత్తి ఇంకో ఊరి చివర పోయడాన్ని శుభ్రం చేయడం అనకూడదని ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను. అందుకే ఈ వారం, షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కృష్ణ రెడ్డి, సాయిచెక్ చేసిన ప్రయోగాల గురించి చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. మట్టిని కదపకుండా అందులోని విషాన్ని మాత్రం కదిలించే పని అది.

ఇసుకలో పోసిన నీళ్లు ఇట్టే దిగిపోతాయి. బంకమట్టిలో ఎంత తోసినా కదలవు. రెండు ఎలక్ట్రోడ్లు గుచ్చి డీసీ కరెంటు ఇస్తే మాత్రం కదులుతాయని రాయిస్ అనే శాస్త్రవేత్త 1809లోనే మాస్కోలో చూపించాడు. మట్టి రేణువుల మీద రుణావేశం, వాటి చుట్టూ ఉన్న నీటిపొరలో ధన అయాన్లు. ఆ అయాన్లు క్యాథోడ్ వైపు నడుస్తూ నీటినీ వెంట లాక్కెళ్తాయి.

తారులో ఉండే ఫినాంత్రీన్ లాంటివి నీటిలో సరిగా కరగవు. వాటిని నీటిలో కలిపే సబ్బులాంటి పదార్థం, అంటే సర్ఫాక్టెంట్ కావాలి. ఈ మాట వింటే నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది. ఆదివారం మాడుకి నూనె అంటి, ఎండలో కూర్చోబెట్టి, "కళ్లు గట్టిగా మూసుకో నాన్నా" అంటూ కుంకుడు రసం పోసేది. ఎంత మూసుకున్నా మండేవి. నీళ్లకు లొంగని నూనె ఆ నురగకు లొంగేది. నేలలోనూ జరిగేది అదే. 1997లో లూసియానా పరిశోధకులు కుంకుడు జాతికే చెందిన రీఠా కాయల రసంతో విషపదార్థమైన హెక్సాక్లోరోబెంజీన్‌ని మట్టిలోంచి కడిగారు కూడా.

ఇక రసం పోసి స్విచ్ వేస్తే చాలనిపిస్తుంది. చాలదు. ఆనోడ్ దగ్గర ఆమ్లం పుట్టి మట్టిలోకి పాకుతుంది, మట్టి ఆవేశం తగ్గుతుంది, నీటి నడక మందగిస్తుంది. అందుకని రెడ్డి, సాయిచెక్ అక్కడ క్షారం కలిపారు. కరెంటును ఐదు రోజులు ఇచ్చి రెండు రోజులు ఆపితే విషం ఇంకా బాగా కదిలింది. మట్టిని పట్టుకున్న విషం విడివడి సర్ఫాక్టెంట్‌లో చేరడానికి ఆ విరామం కావాలి. ఇదంతా ప్రయోగశాలలోని చిన్న పెట్టెలో. బయటి నేలలోనైతే, కెంటకీలో పడూకా యురేనియం కర్మాగారం దగ్గర ట్రైక్లోరోఎథిలీన్ అనే విషం ఇంకిన బంకమట్టికి సుమారు రెండేళ్లు కరెంటు పెట్టాల్సి వచ్చింది.

కర్మాగారం ఆవరణలో రెండేళ్లు ఆగొచ్చు. పక్కనే తాగునీటి బావి ఉంటే? సర్ఫాక్టెంట్ విడిపించిన విషాన్ని క్యాథోడ్ దగ్గర తోడుకోలేకపోతే అది బావిలోకే దిగొచ్చు. అలాంటి చోట, కలుషితమైన మట్టి కొద్దిపాటిదైతే, నేనిప్పుడు లారీనే పిలవమంటాను. ఆ మట్టిని పోసే గుంతకు నీరు దిగని అడుగు ఉందో లేదో లారీ కదలకముందే ఆ ఊరివాళ్లకు చూపించాలి.