ఒకే బొమ్మ, ఐదు రకాలు

1791 జూలైలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేనలు హోసూరు కోటను పట్టుకున్నాయి. ఆ నెలలోనే రాయకోట కూడా టిప్పు సుల్తాన్ చేజారింది. నవంబరులో బ్రిటిష్ సేనాని మాక్స్‌వెల్ దళం కృష్ణగిరి పేటలో జొరబడింది కానీ కొండమీది కోట లొంగలేదు. మరుసటి ఏడు శ్రీరంగపట్నం సంధితో కృష్ణగిరి చుట్టుపక్కల బారామహల్ ప్రాంతం కంపెనీ పాలైంది. 1799 మార్చిలో జనరల్ హ్యారిస్ సేన మళ్లీ ఈ దారినే, రాయకోట మీదుగా, మైసూరు సరిహద్దు దాటింది. మే 4న శ్రీరంగపట్నం కూలింది.

మైసూరుతో జరిగిన ఈ రెండు యుద్ధాలకూ ఈస్టిండియా కంపెనీ పతకాలు చేయించింది. అవి ఎక్కడ, ఏ లోహంతో, ఏ కొలతలో తయారయ్యాయో గుర్తుపట్టడం ఒక విద్య. జర్మనీవాళ్ల రెండో ప్రపంచ యుద్ధకాలపు ఐరన్ క్రాస్‌ను సేకరణకర్తలు ఎలా పరీక్షిస్తారో చాలామంది వినే ఉంటారు: కొండి మీద తయారీదారు సంఖ్య ఉందా, నడిమి భాగం ఇనుమేనా, వెండి అంచు అతుకు ఎలా ఉంది అని చూస్తారు. అంతటి శ్రద్ధ మన గడ్డమీద జరిగిన యుద్ధాల పతకాలకూ దక్కాలి. ఎవరికి ఏమిచ్చారు, ఎవరిని వదిలేశారు అన్నది ఈ తేడాల్లోనే బయటపడుతుంది.

మొదటిది 1791-92 మైసూరు పతకం. ముందువైపు ఒక సిపాయి నిలబడి ఉంటాడు. ఒక చేత బ్రిటిష్ జెండా, మరో చేత తలకిందులు చేసిన శత్రువు జెండా, కాలికింద పడిపోయిన ఫిరంగి. వెనకవైపు ఇంగ్లీషు, పారశీక లిపులు. దీన్ని రెండు కొలతల్లో చేశారు. సుబేదార్లకు 43 మిల్లీమీటర్ల బంగారు పతకం, జమేదార్లకు అదే కొలతలో వెండిది. హవల్దార్లు, నాయక్‌లు, సిపాయిలకు 38 మిల్లీమీటర్ల వెండి పతకం. పసుపు తాడుతో మెడలో వేసుకునేవారు. అయితే ఇది బెంగాల్ దేశీయ సైన్యానికే ఇచ్చినది. అదే యుద్ధంలో పోరాడిన మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు, తమిళులు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ పతకం రాలేదు. కాబట్టి హోసూరు వైపు ఎవరైనా దీన్ని చూపించి ‘మా పూర్వీకులకు ఇచ్చింది’ అంటే, ఆ కుటుంబం బెంగాల్ సైన్యం నుంచి వచ్చిందా అని అడగడం మొదటి పరీక్ష.

అసలు కథంతా రెండోదానిది, శ్రీరంగపట్నం పతకానిది. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ నడిపిన సోహో టంకసాల అప్పటికి ఆవిరి యంత్రంతో నాణేలు కొట్టడంలో పేరు మోసింది. అక్కడే తయారైన ఈ పతకం రూపకర్త కూచ్లర్ జర్మనీ పట్టణాల్లో పనిచేసి, 1793లో సోహోలో చేరిన పతకశిల్పి. ముందువైపు పులిని అణచివేస్తున్న సింహం, పైన అరబ్బీ అక్షరాలున్న పతాకం, అడుగున రోమన్ అంకెల్లో తేదీ. వెనకవైపు కోటగోడ గండి మీద దాడి, నడినెత్తిన సూర్యుడు, కింద పారశీక లిపి. దాడి జరిగింది మధ్యాహ్నం వేళే, అందుకే ఆ సూర్యుడు.

సోహోలో దీన్ని ఐదు రకాలుగా కొట్టారు: బంగారం, బంగారు పూత వేసిన వెండి, వెండి, కంచు, తగరం. బంగారం పెద్ద జనరళ్లకు, పూతది పై అధికారులకు, వెండిది కింది అధికారులకు, కంచు ఆ కింది హోదాలకు, తగరం మామూలు సైనికులకు, సిపాయిలకు. 1808లో పంచారు. ఇందులో నన్ను కదిలించేది ఒకటుంది. బొమ్మ ఒకటే. జనరల్ మెడలో ఉన్నదీ సిపాయి తగరపు బిళ్ల మీదిదీ ఒకే సింహం. హోదా అంతా లోహంలోనే పెట్టారు.

గుర్తింపు కొలతతో మొదలవుతుంది. వర్నియర్ కాలిపర్ చాలు. సోహో పతకం అడ్డంగా 48 మిల్లీమీటర్లు. బెంగాల్ సైనికుల కోసం కలకత్తా టంకసాలలో చేసినవి 45 మిల్లీమీటర్లు, బంగారంలోనూ వెండిలోనూ మాత్రమే. కాబట్టి 45 మిల్లీమీటర్ల తగరపు పతకం ఎదురైతే అనుమానించాల్సిందే. అసలుదాని మీద మట్టి అచ్చు తీసి పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది. అలాంటి నకలు 48కి తగ్గి, 47 దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు దొంగను పట్టిస్తుంది.

తర్వాత భూతద్దం. ఉక్కు అచ్చు దెబ్బతో తేలిన అక్షరం మొదలు దగ్గర పదునుగా, నిటారుగా లేస్తుంది. చుట్టూ నేల చదునుగా ఉంటుంది. పోత పోసినదాంట్లో అక్షరం పాదం మెత్తబడి నేలలో కలిసిపోతుంది, సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి, అంచు చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీతలుంటాయి. పారశీక చుక్కలను ప్రత్యేకంగా చూడాలి. నకలులో ముందు చెడేది అవే.

లోహం తేల్చడానికి ఆమ్లం అక్కర్లేదు. గాలిలో ఒకసారి, దారంతో కట్టి నీళ్లలో ముంచి మరోసారి తూచాలి. గాలిలోని తూకాన్ని, నీళ్లలో ఎంత తూకం తగ్గిందో ఆ తేడాతో భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. తగరానికి 7.3, రాగికి 8.9, వెండికి 10.5, సీసానికి 11.3. సీసం కలిపిన నకలు ఇక్కడే దొరికిపోతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, వంటింటి పొయ్యి మీద కూడా పోత పోయవచ్చు. అందుకే తక్కువ విలువదైనా తగరపు పతకానికే జాగ్రత్త ఎక్కువ కావాలి.

కొండి సంగతి కూడా చెప్పాలి. సోహో పతకాలు కొండి లేకుండానే వచ్చాయి, పేర్లూ చెక్కలేదు. అందుకున్నవాళ్లు కంసాలి దగ్గరికి వెళ్లి ఎవరికి నచ్చినట్టు వాళ్లు కొండి పెట్టించుకున్నారు. కొందరు అద్దం బిగించిన చట్రంలో పెట్టుకున్నారు. కొండి వేరే తీరులో ఉందని పతకాన్ని తోసిపుచ్చకూడదు. పాత అతుకు, అతుకు చుట్టూ పేరుకున్న నలుపు అసలుదనానికి గుర్తులు. మరో చిక్కుంది. సోహో మూతపడ్డాక దాని అచ్చులు కొన్ని 1848లో టేలర్ అనే లండన్ పతక తయారీదారు చేతికి చేరాయి. వాటితో ఆయన మళ్లీ కొట్టిన ముక్కలు మార్కెట్లో తిరుగుతున్నాయి. సోహో సరుకు కొనేటప్పుడు, ఎక్కడా అరగని, మరీ నిగనిగలాడే ముక్కను చూస్తే ఆగి ఆలోచించాలి.

చేయి తిరగాలంటే ముందు అదే టంకసాల చేసిన మద్రాసు రాగి నాణేలు చూడండి. 1803, 1808 నాటి 20 కాసుల బిళ్లలు పాత నాణేల వ్యాపారుల దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి. సోహో అంచు, సోహో అక్షరం ఎలా ఉంటాయో కంటికి అలవాటవుతుంది.

తర్వాతి కాలానివైతే పని తేలిక. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ సైనికులకు వెండిలో, కూలీ దళాలవాళ్లకు కంచులో ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధపు పతకాల మీద బ్రిటిష్ సైనికుల పేర్లు వేయలేదు, భారతీయుల పేర్లు మాత్రం అచ్చు గుద్దారు. మీ తాతగారి పెట్టెలో ఉంటే అంచు తిప్పి, వెనకవైపు కూడా చూడండి. సంఖ్య, పేరు, దళం ఉండవచ్చు.

ఇంట్లో ఇలాంటిది దొరికితే చింతపండు పెట్టి తోమకండి. సోహోవాళ్లు కంచు పతకాల మీద వేసిన గోధుమరంగు పూత ఒక్క తోముడుతో పోతుంది, వెండి మీది బంగారు పూత పల్లాల్లో మిగిలిన కాస్తా పోతుంది. ఆ పూతే దాని సాక్ష్యం. నూరేళ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశీ కొనుగోలుదారుకు పోస్టులో పంపవద్దు. రెండువైపులా ఫోటో తీసి, కొలిచి, తూచి, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాటలు రాసిపెట్టి, కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలో చూపించండి.