ఎన్ని కిలోమీటర్లు అని కాదు, ఏ పూట అని అడగండి

స్పెయిన్ పల్లెల్లో ఒక రోజు మౌంటెన్ బైక్ తొక్కాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది కిలోమీటర్ల సంగతే. మరీ తేలికా మరీ కష్టమూ కాకుండా ఉండాలంటే ఎంత దూరం పెట్టుకోవాలని. ఈ ప్రశ్నకు కిలోమీటర్లలో జవాబు దొరకదని నా నమ్మకం. ఏప్రిల్ ఉదయాన హాయిగా సాగిన దారే జులై మధ్యాహ్నం నాలుక పిడచకట్టేలా చేస్తుంది. వాన కురిసిన మర్నాడు అసలు కదలనివ్వదు. ఆ దారిని మన శక్తికి సరిపోయేలా చేసేది ముందు రోజు రాత్రి వేసుకునే లెక్క.

నా లెక్క పటంతో మొదలవుతుంది. స్పెయిన్ జాతీయ భౌగోళిక సంస్థ ప్రచురించే 1:25,000 పటాల్లో నాలుగు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. ఎత్తును చూపే గీతలు పది మీటర్లకొకటి ఉంటాయి. దారి ఆ గీతల్ని ఎన్నిసార్లు పైకి దాటుతోందో లెక్కపెడితే ఎంత ఎక్కాలో తేలిపోతుంది. అప్పుడప్పుడూ సైకిలెక్కేవాళ్లకు ముప్పై, నలభై కిలోమీటర్ల మట్టిదారి, మొత్తం మీద ఐదారు వందల మీటర్ల ఎక్కుడు చాలనుకుంటాను. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న చోట దిగి నెట్టక తప్పదు. అలాంటి చోటు మొదట్లో వస్తే ఒంట్లో సత్తువ ఉంటుంది, చివర్లో వచ్చేట్టుంటే దారే మార్చుకోవడం మేలు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి దక్షిణాన అందలూసియాలో ఉంది. 1920ల్లో అక్కడ హెరెజ్ నుంచి అల్మార్గెన్ వరకు రైలుమార్గం తలపెట్టారు. కొండలు తొలిచారు, వంతెనలు కట్టారు, మార్గం పూర్తికాకముందే పని ఆగిపోయింది. అందులో ప్యుఎర్తో సెర్రానో, ఓల్వేరా ఊళ్ల మధ్య ఉన్న 36 కిలోమీటర్లు ఇప్పుడు సైకిళ్లకూ పాదచారులకూ దక్కాయి. దీన్ని ‘బీయా వెర్దె దె లా సియెర్రా’, అంటే కొండల పచ్చదారి, అంటారు. 30 సొరంగాలు, 4 పెద్ద వంతెనలు దాటాలి. రైలు నిటారుగా ఎక్కలేదు కనుక వాలు తగ్గించడానికి ఇంజనీర్లు కొండ కడుపులోంచే దారి తీశారు. నూరేళ్ల కిందటి ఆ కూలీల కష్టం ఇవాళ మన మోకాళ్లను కాపాడుతోంది.

ఇంత సులువైన దారికీ ఆలోచన కావాలి. ఓల్వేరా ఎత్తున ఉంటుంది, ప్యుఎర్తో సెర్రానో పల్లంలో, గ్వాదలేతె నది దగ్గర. ఓల్వేరాలో బయల్దేరితే పొద్దున్నే దిగడం బాగానే ఉంటుంది కానీ, అలసిపోయాక ఎండలో తిరిగి ఎక్కాలి. అందుకే కింది నుంచి బయల్దేరమంటాను. చల్లపూట ఎక్కుడు, తిరుగు ప్రయాణంలో దిగుడు. రానూపోనూ 72 కిలోమీటర్లు అందరికీ కుదరదు. మధ్యలో కోరిపె స్టేషన్ దగ్గరే వెనక్కి తిరిగినా లోటేమీ లేదు. ఎక్కడ తిరగాలన్నది చోటును బట్టి కాక గడియారాన్ని బట్టి ముందే నిర్ణయించుకోవాలి. అనుకున్న గంట కొట్టాక, చూడాల్సింది మలుపు అవతలే ఉన్నా తిరగాల్సిందే.

ఇంకాస్త ముందుకు వెళ్లగలిగేవాళ్లు సాఫ్రమగోన్ రాతికొండ దగ్గర ఆగడానికి తీరిక ఉంచుకోవాలి. అక్కడ రాబందులు గుంపులుగా గూళ్లు పెట్టుకుంటాయి. ఎండకు బండ వేడెక్కాక, పైకి లేచే గాలి మీద రెక్క కదపకుండా తేలతాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల మన ఊళ్ల ఆకాశం నుంచి రాబందు దాదాపు మాయమైంది. అందుకే అక్కడ అవి తేలే దృశ్యం కోసం ఓ అరగంట పక్కన పెట్టడం లెక్కలో భాగమే.

ఇక ఎండ సంగతి. మనకు మిట్టమధ్యాహ్నమంటే పన్నెండు దాటిన కాసేపటికే. స్పెయిన్ గడియారం సూర్యుడి కంటే బాగా ముందు నడుస్తుంది. వేసవిలో ఈ ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది రెండుంబావు దాటాకే. ఎండ తీవ్రత సాయంత్రం ఐదారింటి దాకా తగ్గదు. ‘నాలుగైంది కదా, చల్లబడుతుంది’ అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. తెల్లవారుతూనే బయల్దేరి ఒంటిగంటకల్లా ఊరు చేరడం మంచిది. భోజనాలు వడ్డించేదీ ఆ తర్వాతే, రెండు గంటల ప్రాంతంలో. దుకాణాలు మాత్రం చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు కనుక రొట్టె, పండ్లు ముందే కొనుక్కోవాలి. ఊరి కుళాయి మీద ‘నో పోతాబ్లె’ అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగకూడదు. మనిషికి రెండు మూడు లీటర్లు మోసుకెళ్లడమే క్షేమం.

సొరంగాలకు లైటు, ఊరి బయట తొక్కేటప్పుడు చట్టం అడిగే హెల్మెట్, అదనపు ట్యూబు తప్పనిసరి. మన చేలగట్ల మీద కాళ్లలో గుచ్చుకునే పల్లేరు అక్కడి దారుల పక్కనా పెరుగుతుంది. టైరుకు దయ చూపదు. బంకమట్టి నేలల్లో వాన వెలిస్తే ఒకటి రెండు రోజులు ఆగాలి. చక్రానికీ ఫ్రేముకూ మధ్య మట్టి కూరుకుని సైకిలు ముందుకు పోదు.

పచ్చదారి దాటి, గొర్రెల మందల కోసం శతాబ్దాల కిందట ఏర్పడ్డ ‘కన్యాద’ల్లోకి వెళ్తే మర్యాద ఇంకా ముఖ్యం. 1995 నాటి చట్టం ఈ దారుల్లో సైకిలుకు చోటిచ్చింది, మొదటి హక్కు మందదే. మూసి ఉన్న గేటును దాటాక మళ్లీ మూయాలి. కాపలా కుక్క అడ్డం వస్తే సైకిలు దిగి, దాన్ని మనకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నెమ్మదిగా నడవాలి. శరదృతువు నుంచి చలికాలం చివరి దాకా వారాంతాల్లో వేట సాగుతుంటుంది. ఆ రోజు ఎటువైపు వేటాడుతున్నారో ఊళ్లో అడిగి కదలాలి. వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ బస చేసిన చోట చెప్పి వెళ్లాలి. ఆపద వస్తే 112.

ఈ లెక్కలన్నీ చూసేటప్పుడు బృందంలో అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషిని మనసులో పెట్టుకోండి. ఆ మనిషికి ఎండ ముదరకముందే ఇల్లు చేరే వీలుందా, సీసాలో ఇంకా నీళ్లుంటాయా, రేపు మళ్లీ సైకిలెక్కాలనిపిస్తుందా? ఈ మూడింటికీ అవుననగలిగితే ఆ దారి మీకు సరైనదే. ఇరవై కిలోమీటర్లకే అలా అనగలిగితే ఇరవైకే బయల్దేరండి.